స్వచ్ఛంద సేవా కార్యక్రమంలో అనుకోని సంక్షోభం: సమస్య, కారణం, పరిష్కారం

సంక్షోభం ఎదురైనప్పుడు నిర్వాహకుల నోట మొదట వచ్చే మాట మనుషులు చాలడం లేదని. నిదానంగా పరిశీలిస్తే, ఉన్నవారిలో నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందుగా తేల్చుకోకపోవడమే చాలా సందర్భాల్లో అసలు లోపమని అర్థమవుతుంది.

సమస్య: ప్రమాదం జరిగిన వెంటనే అందరూ పరుగెత్తుతారు, కావలసిన పని మాత్రం జరగదు

నమోదు బల్ల దగ్గర ఒకరు స్పృహ తప్పి పడిపోయారనుకుందాం. నలుగురు వాలంటీర్లు ఒకేసారి అంబులెన్స్‌కు ఫోన్ చేస్తారు, ఇద్దరు నీళ్ల కోసం వెళతారు, మిగిలినవారు చుట్టూ మూగి గాలి ఆడనివ్వరు. గేటు దగ్గర నిలబడి అంబులెన్స్‌కు దారి చూపేవారు ఒక్కరూ ఉండరు. ప్రథమ చికిత్స పెట్టె ఉన్న గదికి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు.

కారణం: బాధ్యతను పేరు పెట్టి అప్పగించకపోవడం. అటువంటప్పుడు కంటికి కనిపించే పని మీద అందరూ పడతారు, కనిపించని పని మిగిలిపోతుంది.

పరిష్కారం: ప్రతి షిఫ్టుకూ ఒక బాధ్యులను, వారు అందుబాటులో లేకపోతే ఆ స్థానంలో ఉండేవారిని పేర్లతో సహా ముందే ప్రకటించాలి. 1970లో కాలిఫోర్నియాలో చెలరేగిన కార్చిచ్చుల అనుభవంతో అక్కడి అగ్నిమాపక సంస్థలు రూపొందించుకున్న ‘ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్’ (ఆపద వేళ ఎవరి ఆదేశం కింద ఎవరు పనిచేయాలో తేల్చే పద్ధతి) ప్రకారం ఒక్కొక్కరి అజమాయిషీలో ముగ్గురి నుంచి ఏడుగురి వరకు ఉండవచ్చు, ఐదుగురు ఉంటే మేలు. ఈ లెక్క వాలంటీర్ బృందాలకూ చక్కగా సరిపోతుంది. 40 మందికి ఒకే సమన్వయకర్త ఉన్నచోట ఆయన ఫోన్ ఎత్తడంతోనే సమయం గడిచిపోతుంది. ఆపద వేళ ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అనకుండా, ఒక మనిషిని చూపించి ‘మీరు ఫోన్ చేయండి, మీరు గేటు దగ్గరికి వెళ్లండి’ అని చెప్పాలి. కార్యక్రమం మొదలయ్యే ముందు బాధ్యులందరూ ఆవరణలో ఒకసారి నడిచి, వాహనం ఏ దారిన రాగలదో, పెట్టె ఎక్కడ ఉందో స్వయంగా చూసుకోవడం ఎంత పెద్ద ప్రణాళికా పత్రం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

సమస్య: ఉదయానికి సగం మందే వచ్చారు

వస్తామని ఎప్పుడో చెప్పిన మాటను ముందురోజు మళ్లీ అడిగి ఖాయం చేసుకోకపోవడం ఒక కారణం. ఏ పని ఆగినా ఫర్వాలేదో తెలియకపోవడం అంతకన్నా పెద్ద కారణం. పనులను ఆపకూడనివి, ఆలస్యం చేయగలిగినవి, వదిలేయగలిగినవి అని ముందే విడదీసి ఉంచుకోవాలి. భద్రతకు సంబంధించిన స్థానాలు నిండకపోతే కార్యక్రమంలో ఆ భాగాన్ని రద్దు చేయడమే సరైన నిర్ణయం. వచ్చినవారి చేతనే రెండింతల పని చేయిస్తే, అలసట వల్ల రెండో ప్రమాదం తలెత్తే అవకాశం ఉంటుంది.

సమస్య: పిలవనివారు పెద్ద సంఖ్యలో సాయానికి వచ్చేస్తున్నారు

ఇది సద్భావంతో వచ్చే చిక్కు కనుక కసురుకోవడం తగదు, అలాగని నేరుగా పనిలోకి దింపడమూ తగదు. 1985లో మెక్సికో నగర భూకంపం తరువాత శిక్షణ లేని పౌరులు శిథిలాల నుంచి వందలాది మందిని రక్షించారు. ఆ ప్రయత్నంలో వారిలోనే సుమారు వంద మంది ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. ఘటనా స్థలానికి కొంత దూరంలో ఒక నమోదు కేంద్రం పెట్టి, పేరు, ఫోన్ నంబరు, తెలిసిన పని రాసుకుని, ఒక్కొక్కరినీ అనుభవమున్న వాలంటీర్‌కు జతచేయాలి. వెళ్లేటప్పుడు కూడా సంతకం తీసుకోవాలి, ఎందుకంటే లోపల ఇంకా ఎవరున్నారో చెప్పగలిగేది ఆ పుస్తకమే.

సమస్య: గ్రూపులో పుకార్లు వ్యాపిస్తున్నాయి

నిర్వాహకుల మౌనమే దీనికి కారణం. తెలిసినంత వరకు చెప్పి, తదుపరి సమాచారం ఏ సమయానికి ఇస్తారో ప్రకటించి, కొత్త విషయం లేకపోయినా ఆ సమయానికి మాట్లాడాలి.

సమస్య: ఒక వాలంటీర్ ప్రవర్తనపై ఫిర్యాదు వచ్చింది

ఆ వ్యక్తిని వెంటనే విధుల నుంచి పక్కన పెట్టాలి. అది తీర్పు కాదని ఆయనకూ చెప్పాలి. ఫిర్యాదుదారు మాటలను వారన్నట్లే రాసుకోవాలి. విషయం పిల్లలకు సంబంధించినదైతే సొంత విచారణకు పూనుకోకుండా సంబంధిత అధికారులకు తెలియజేయాలి. సంస్థ పరువు కోసం ఇక్కడ చేసే ఆలస్యం క్షమించరానిది.

సమస్య: అంతా సర్దుకున్నాక మంచి వాలంటీర్లు మళ్లీ రావడం లేదు

చూసిన బాధ వారి వెంట ఇంటికి వెళ్లింది, ఎలా ఉన్నారని ఎవరూ అడగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు పనులు చెబుతుంది: పరిస్థితిని గమనించడం, శ్రద్ధగా వినడం, అవసరమైన సహాయంతో కలపడం. జరిగినదంతా చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని కూడా అది స్పష్టం చేస్తుంది. అదేరోజు, ఇళ్లకు వెళ్లకముందే అందరినీ కాసేపు కూర్చోబెట్టి, తప్పు ఎవరిదన్న చర్చను మరో రోజుకు వాయిదా వేసి, క్షేమం మాత్రమే అడగాలి. కొన్ని రోజుల తరువాత ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయాలి. నిద్ర పట్టడం లేదని, ఆ దృశ్యమే కళ్ల ముందు మెదులుతోందని ఎవరైనా చెబితే, మానసిక వైద్య నిపుణుల వద్దకు వెళ్లే ఏర్పాటును సంస్థే చేయాలి.