స్పాంజి బుల్లెట్ల తుపాకీ కొనేదెలా? ముందు బుల్లెట్ చూడండి

సంక్రాంతి సెలవులకు కోనసీమ ఊళ్లలో దిగే పిల్లల బ్యాగుల్లో ఇప్పుడు గాలిపటాలతో పాటు స్పాంజి బుల్లెట్ల తుపాకులు కూడా ఉంటున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన మనవడిది ఒక కంపెనీ, భీమవరం నుంచి వచ్చిన వాడి బావది ఇంకో కంపెనీ. ఆట మొదలైన అరగంటకి ఒకడి బుల్లెట్లు అయిపోతాయి. రెండోవాడివి అందులో పట్టవు. ఇక గొడవే. పెద్దవాళ్లు పిల్లల్ని కసురుతారు గానీ పొరపాటు కొన్నప్పుడే జరిగిపోయింది. షాపులో అందరూ తుపాకీ ఆకారం చూసి కొంటారు, దానిలో పట్టే బుల్లెట్ ఏదో అడగరు. అందుకే ఈ వ్యాసంలో ఎంపిక అంతా బుల్లెట్ వైపు నుంచి చెబుతున్నాను.

1. ఎక్కడ ఆడతారో ముందు తేల్చుకోండి

కాకినాడలోనో రాజమండ్రిలోనో అపార్ట్‌మెంట్ హాల్లో ఆడే పిల్లకి, కొబ్బరితోటలో పరిగెత్తే పిల్లాడికి ఒకే తుపాకీ పనికిరాదు. హాలు ఎంత పెద్దదైనా అయిదారు మీటర్లే. అక్కడికి ఒక్కో బుల్లెట్ పెట్టి కాల్చే చిన్న పిస్టల్ చాలు, అంతకు మించింది కొంటే టీవీకి ముప్పు.

డాబా మీద ఆడితే సగం బుల్లెట్లు పిట్టగోడ దాటి పక్కింటి పెరట్లో పడతాయి. కొబ్బరితోటలో చోటుకు కొదవ లేదు, నీడా ఉంటుంది. కానీ మధ్యలో కోకో వేసిన తోటైతే రాలిన ఆకుల కింద బుల్లెట్ ఇక దొరకదు. అలాంటి చోటికి నారింజ లేదా ముదురు గులాబీ రంగు బుల్లెట్లు కొనండి. ఆకుపచ్చవి, గోధుమరంగువి వద్దు. బోదెలో పడినవి తేలుతూ కనిపిస్తాయి కాబట్టి ఏరుకోవచ్చు, బురదలో కూరుకుపోయినవాటి మీద ఆశ వదులుకోవాలి. సార్వా కోత అయ్యాక దాళ్వాకి నీరు పెట్టేలోపు దొరికే పొడి చేను ఈ ఆటకి చాలా బాగుంటుంది.

రెండు చోట్లు మాత్రం వద్దు. ఒకటి చేపల చెరువు గట్టు, ఎందుకో చెప్పక్కర్లేదు. రెండోది పశువుల పాక. గడ్డితో పాటు స్పాంజి ముక్క పశువు కడుపులోకి పోతే డాక్టరుని పిలవాల్సి వస్తుంది. ఇక అంతర్వేది, ఉప్పాడ లాంటి తీరంలో సరదాకి తీసుకెళ్తారు గానీ, ఒక గ్రాము బరువుండే బుల్లెట్‌ని సముద్రపు గాలి ఎటు తోస్తే అటే పోతుంది.

2. బుల్లెట్ సైజు అడగండి

హాబీగా ఆడేవాళ్లు దీన్ని డార్ట్ అంటారు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది సుమారు 72 మిల్లీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ లావు ఉన్న రకం. హాస్‌బ్రో కంపెనీ నెర్ఫ్ బ్రాండు కింద 2012లో తెచ్చిన ఎలైట్ వరుస దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. తర్వాత చాలా కంపెనీలు అదే కొలతలో చేస్తున్నాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే కళ్లు మూసుకుని ఈ కొలత తుపాకులే తీసుకోండి. విడి బుల్లెట్లు సులువుగా దొరుకుతాయి, ఒకరివి ఒకరు వాడుకోవచ్చు.

మిగతా రకాలు: ఇంతకంటే లావుగా ఉండే మెగా, గుండ్రటి బంతులు కాల్చే రైవల్, దాదాపు సగం పొడవుండే షార్ట్ డార్ట్. నెర్ఫ్‌లోనే అల్ట్రా, ఎన్ సిరీస్ అనే వరుసలకి వాటి బుల్లెట్లే పట్టాలి, పాతవి పనిచెయ్యవు. పెట్టె మీద అదే బ్రాండు పేరు చూసి, ఇంట్లో ఉన్న పాత బుల్లెట్లు ఎలాగూ పడతాయిలే అనుకుని కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బుల్లెట్లు పోతూనే ఉంటాయి, కొంటూనే ఉండాలి. తుపాకీ ఒకసారి ఖర్చు, ఇది నెలనెలా ఖర్చు. విడి ప్యాకెట్ మీ ఊళ్లోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతుందో లేదో చూసుకున్నాకే తుపాకీ ధర అడగండి.

బుల్లెట్ కొసని గోటితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోయి మళ్లీ యథాస్థితికి రావాలి. గట్టి ప్లాస్టిక్ టోపీ ఉన్నవీ, లాగితే ఊడొచ్చేవీ వద్దు. గోడకి అతుక్కునే రబ్బరు కప్పు కొస ఉన్నవి పిల్లలకి భలే నచ్చుతాయి. కానీ అలాంటి డార్ట్ నోట్లో పెట్టుకున్న పిల్లలకి అది గొంతులో ఇరుక్కుని ప్రాణం పోయిన ఘటనలు అమెరికాలో జరిగాయి. ఆ కంపెనీల సరుకు మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు బుల్లెట్‌ని పళ్ల మధ్య పట్టుకోవడం పిల్లల అలవాటు. ఏ రకం బుల్లెట్ కొన్నా మొదటి రోజే ఆ అలవాటు మాన్పించాలి.

తీర్థాల్లో, జాతరల్లో బల్లల మీద పరిచి అమ్మే తుపాకులు చాలావరకు ఇవి కావు. వాటిలో ఉండేవి చిన్న గట్టి ప్లాస్టిక్ గుళ్లు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా, ఆ గుళ్లు మెత్తబడేవి కావు. నీళ్లలో నానబెడితే ఉబ్బే జెల్ గుళికల తుపాకులు వేరే రకం. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో ఆ గుళికలు అసలే ఉండకూడదు. మింగితే కడుపులోకి పోయాక కూడా ఉబ్బుతాయి.

3. ఐఎస్ఐ గుర్తు వెతకండి

కేంద్రం తెచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, విదేశాల నుంచి వచ్చేవాటికి కూడా. సెల్లు, మోటారు లేని బొమ్మల మీద గుర్తు పైన ఐఎస్ 9873 అనీ, కరెంటుతోనో సెల్లతోనో నడిచేవాటి మీద ఐఎస్ 15644 అనీ ఉంటుంది. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. హస్తకళాకారులు చేసేవాటికీ, కొండపల్లి, ఏటికొప్పాక లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. ప్లాస్టిక్ తుపాకీకి అది వర్తించదు. గుర్తు ఏదని అడిగితే షాపువాడు మాట మార్చితే పక్క షాపుకి వెళ్లండి.

4. స్ప్రింగా, మోటారా?

స్ప్రింగ్ రకంలో స్లైడ్ వెనక్కి లాగితే లోపల పిస్టన్ స్ప్రింగ్‌ని నొక్కిపట్టి ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది ముందుకు దూకి గాలిని తోస్తుంది, ఆ గాలి బుల్లెట్‌ని తోస్తుంది. సెల్లు అక్కర్లేదు, చప్పుడు తక్కువ, చెడిపోయేవి కూడా తక్కువే. మొదటి తుపాకీకి నా ఓటు దీనికే. బుల్లెట్ పెట్టకుండా ఊరికే టకటకా నొక్కనివ్వకండి. ఎదురొత్తే గాలి లేక పిస్టన్ ముందుగోడకి గట్టిగా కొట్టుకుని కొన్నాళ్లకి ప్లాస్టిక్ పగులుతుంది. లాగి ఉంచి రాత్రంతా వదిలేస్తే స్ప్రింగ్ బలం తగ్గుతుంది.

మోటారు రకంలో రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. చెరకు రసం మిషన్ రోలర్లు గడని లాక్కున్నట్టే ఇవి బుల్లెట్‌ని లాక్కుని అవతలికి విసిరేస్తాయి. చేతికి శ్రమ ఉండదు, వరసపెట్టి కాల్చొచ్చు. కానీ మోటారు రొదకి మధ్యాహ్నం కునుకు తీసే తాతగారితో గొడవ తప్పదు. చవక సెల్లు వేస్తే చక్రాలు నీరసంగా తిరిగి బుల్లెట్ కాళ్ల దగ్గరే పడుతుంది. ఆల్కలైన్ సెల్లో, రీఛార్జి సెల్లో వెయ్యాలి. ఒండ్రుమట్టి అంటిన బుల్లెట్ వేస్తే చక్రాలకి మట్టి పట్టి జారుతుంది.

బుల్లెట్లు నింపే పద్ధతి కూడా చూడండి. మ్యాగజైన్, అంటే బుల్లెట్లు పేర్చిన డబ్బాని తుపాకీకి తగిలించే రకం పెద్ద పిల్లలకి. ఆరేడేళ్ల వాళ్లకి బుల్లెట్లని ముందు నుంచి కనిపించేలా దోపుకునే రకం నయం, ఇరుక్కుంటే చేత్తోనే తీసేసుకోవచ్చు. మ్యాగజైన్ ఉన్నదానికి ఇరుక్కున్న బుల్లెట్ తీయడానికి పైన చిన్న తలుపు ఉందో లేదో చూడండి. అది లేకపోతే పిల్లాడు ఏం చేస్తాడు? గొట్టంలోకి కన్ను పెట్టి చూస్తాడు.

5. పిల్లాడి చేతే లాగించి చూడండి

చొక్కాకి కొలత చూసి, చెప్పులకి కొలత చూసి, తుపాకీ మాత్రం సర్‌ప్రైజ్ గిఫ్టుగా కొనేస్తాం. స్లైడ్ గట్టిగా ఉంటే చిన్నపిల్లలు చేతులతో లాగలేరు. అప్పుడు గొట్టం కొసని పొట్టకో, తొడకో ఆనించి బలంగా నొక్కుతారు. అంటే తుపాకీ తమ వైపే తిరిగి ఉంటుంది. ఒప్పుకుంటే షాపులోనే పదిసార్లు లాగించండి. పదోసారి కూడా సులువుగా లాగితేనే అది వాడికి తగినది. పెట్టె మీద వయసు ఊరికే వేసింది కాదు. ఎలైట్ రకానికి 8 ఏళ్లు, రైవల్ రకానికి 14 ఏళ్లు అని ఉంటుంది. బాబు పొడగరి కదా అని ఆ అంకెను దాటెయ్యకండి.

6. దూరం అంకెకి పడిపోవద్దు

27 మీటర్లు పోతుందని పెట్టె మీద ఉంటే అది గొట్టం పైకెత్తి కాల్చినప్పటి మాట. పిల్లాడు భుజం ఎత్తున సూటిగా కాల్చితే క్రికెట్ పిచ్ పొడవు, అంటే 20 మీటర్లు, దాటడమే గగనం. గురి కుదిరేది అందులో సగం లోపే. ఆటకి అంతే చాలు కూడా.

అసలు చూడాల్సింది వేగం. మామూలు రకాలు సెకనుకి 20 మీటర్ల చుట్టుపక్కల వేగంతో కాలుస్తాయి. రైవల్ బంతులు 30 దాకా పోతాయి. హాబీవాళ్లవి 45 కూడా దాటుతాయి. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది. కాబట్టి అన్నయ్య హాబీ తుపాకీతో తమ్ముడి మామూలు తుపాకీకి పోటీ పెట్టకూడదు.

7. అదే బిల్లులో కళ్లద్దాలు

2017లో లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు ముగ్గురి కేసుల్ని ఒక వైద్య పత్రికలో రాశారు. స్పాంజి బుల్లెట్ కంటికి తగిలి కంటి లోపల రక్తం చేరిన కేసులవి. ముగ్గురిలో ఒకడు 11 ఏళ్ల బాబు, మిగతా ఇద్దరూ పెద్దవాళ్లు. మెత్తటిదే కదా అనే ధీమా అక్కర్లేదని చెప్పడానికి ఇది చాలు.

చూపు కోసం పెట్టుకునే కళ్లజోడు రక్షణ కాదు. హార్డ్‌వేర్ షాపుల్లో గ్రైండింగ్ పనివాళ్లకి అమ్మే, పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు తీసుకోండి. తుపాకీ ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాని ఖర్చు. ఆడేవాళ్లకే కాదు, అరుగు మీద కూర్చుని చూసేవాళ్లకి కూడా ప్రమాదమే. కంటి ఆపరేషన్ చేయించుకున్న మామ్మగారు అక్కడుంటే ఆట చోటు మార్చండి. మెడ పైకి కాల్చకూడదని, మూడు మీటర్ల లోపు కాల్చకూడదని ముందే ఒప్పందం పెట్టండి.

ఒకవేళ కంటికి తగిలితే నలపనివ్వకండి. చనుబాలు పిండటం, ఆముదం వెయ్యడం, నందివర్ధనం పూలు అద్దడం ఇలాంటివేమీ వద్దు. నొప్పి, ఎరుపు, చూపు మసక వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

హాబీగా ఆడే పెద్దవాళ్లకి రెండు మాటలు

మీరు కొనే ముందు మీ జట్టు ఏ వేగానికి ఒప్పుకుందో తెలుసుకోండి. షార్ట్ డార్ట్‌కి గొట్టం బిగువుగా సరిపోవాలి. వదులైతే ఎంత గట్టి స్ప్రింగ్ వేసినా గాలి పక్క నుంచి జారిపోతుంది. పిల్లల బొమ్మకి గట్టి స్ప్రింగ్ మార్చడం చవక దారిలా కనిపిస్తుంది గానీ, లోపల స్ప్రింగ్‌ని ఆపిపట్టే ప్లాస్టిక్ కొక్కెం దానికోసం చేసింది కాదు. సెల్లు తీసేసి లిథియం బ్యాటరీ తగిలించే సరదా, తీగల పని బాగా తెలిసినవాళ్లకే వదిలెయ్యండి. ఇంకొకటి, నల్లరంగు కొట్టి అసలు తుపాకీలా చేసుకుని రోడ్డు మీద తిరగొద్దు. దూరం నుంచి చూసేవాళ్లకి తేడా తెలియదు, పోలీసులకి కూడా.

వానాకాలం జాగ్రత్తలు

మన దగ్గర తేమ ఎక్కువ, తీరం వైపు ఉప్పుగాలి కూడా. ఆట అయ్యాక బుల్లెట్లని మంచినీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టండి. డాబా మీద ఎండలో వేస్తే కొస అతికించిన జిగురు మెత్తబడి ఊడుతుంది. వంకరపోయినవి, కొస చిరిగినవి పారెయ్యాలి. గుండుసూది గుచ్చి బరువు పెంచే తెలివిగల పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు కాబట్టి ఏరుకొచ్చిన బుల్లెట్లని ఒకసారి వేళ్లతో తడిమి చూడండి. వానాకాలమంతా అటకెక్కించేటప్పుడు సెల్లు బయటికి తీసి, తుపాకీని మూతున్న డబ్బాలో పెట్టండి. సెల్లు కారితే లోపలి రేకులు తుప్పు పట్టి, పండక్కి తీసేసరికి మోటారు తిరగదు.