భార్యకు క్యాన్సర్ వైద్యం నడుస్తుంటే: ఇల్లు, కొట్టు, చుట్టాలు ఎలా నడపాలి

మాది కోదాడలో కిరాణా కొట్టు. మా ఆవిడకు ఎడమవైపు రొమ్ము క్యాన్సర్ అని తేలాక ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ అన్నీ హైదరాబాద్‌లోనే జరిగాయి. మందుల సంగతి డాక్టరు చెబుతారు. ఇంట్లో, కొట్లో, బస్సులో, చుట్టాల మధ్య భర్త చేయాల్సిన పనులు మాత్రం ఎవరూ చెప్పరు. వాటి గురించే రాస్తున్నాను.

ముందు ఫైలు

బయాప్సీ రిపోర్టు, ఐహెచ్‌సీ రిపోర్టు (క్యాన్సర్ ఏ రకమో చెప్పేది, ఈఆర్, పీఆర్, హెర్2 అని ఉంటుంది), స్కాన్ ఫిల్ములు, గుండె ఎకో, రక్తపరీక్షలు అన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టండి. రెండు సెట్లు జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫొటోలు కూడా తీసుకోండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. బయాప్సీ చేసిన ల్యాబ్‌లో మైనంలో పోసిన ముక్కలు (వీటిని బ్లాకులు అంటారు), స్లైడ్లు ఉంటాయి. వేరే ఆస్పత్రికి మారినా, ఇంకో డాక్టరు అభిప్రాయం కోసం వెళ్లినా మొదట అడిగేది అవే. రశీదు మీద సంతకం పెట్టి తెచ్చుకోండి.

రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఆ వారంలోనే చూసుకోండి. ఆరోగ్యశ్రీ అనుమతి చాలాసార్లు ఆగేది అక్కడే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. ఈ పథకాల కింద వైద్యం చేసే ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు. కార్డు కాగితాలతో ముందు వాళ్లనే కలవండి. ప్రభుత్వ ఆస్పత్రి కావాలంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

"ఏదైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్లకు ఏం చెప్పాలి

ఈ మాట మీకు ఊళ్లో సగంమంది అంటారు. చాలామంది మనసారా అంటారు. మనమే ఏం అడగాలో తోచక "పర్లేదండీ, చూసుకుంటాం" అనేస్తాం. అడగడానికి పని చేతిలో సిద్ధంగా ఉండాలి.

నేను ఉద్దెర రాసే పొడవాటి పుస్తకం కొత్తది ఒకటి తీసి, ఎడమ పేజీలో పనులు రాశాను, కుడి పేజీ ఖాళీగా వదిలాను. కీమో రోజు గల్లా మీద ఎవరు, సరుకు లారీ దింపేటప్పుడు ఎవరు, పిల్లాణ్ణి ట్యూషన్ నుంచి తెచ్చేదెవరు, ల్యాబ్ నుంచి రిపోర్టు తెచ్చేదెవరు, అత్తయ్య బీపీ మాత్రలు, గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు. ఎవరైనా ఆ మాట అనగానే పుస్తకం తీసి ఒక పని చదివేవాణ్ణి. రోజు, గంట కూడా చెప్పాలి. "వీలున్నప్పుడు మావాణ్ణి చూడండి" అంటే ఎవరూ చూడరు. "మంగళవారం సాయంత్రం ఆరింటికి ట్యూషన్ దగ్గర ఉండండి" అంటే ఉంటారు. మా వీధి చివర మెకానిక్ ఒకతను వచ్చి, "అన్నా, నాకు వంట రాదు, చేతిలో డబ్బుల్లేవు. తెల్లారుజామున బస్టాండుకు మాత్రం దింపుతా" అన్నాడు. వైద్యం అయ్యేదాకా దింపాడు. ఆ టైమ్‌లో మాకు ఆటో దొరకడమే గగనం.

మనిషిని బట్టి పని ఇవ్వండి. ఎక్కువ మాట్లాడేవాళ్లను ఆస్పత్రికి తోడు తీసుకెళ్లొద్దు, వాళ్లకు ఫోన్లు అప్పగించండి. మా చెల్లికి ఆ పనే ఇచ్చాను. చుట్టాలందరికీ కబురు చెప్పేది, వచ్చే ఫోన్లు ఎత్తేది తనే. చూడగానే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు వంటకు పనికొస్తారు.

కానీ ఎవరికి ఎంత చెప్పాలన్నది మాత్రం భార్య ఇష్టం. మా ఆవిడ తన మహిళా సంఘంలో అన్నీ చెప్పింది, మా బాబాయి వాళ్లకు "గడ్డ తీశారు" వరకే చెప్పమంది. అలాగే చెప్పాం.

కీమో వారం

మూడు వారాలకోసారి కీమో అయితే, ముందురోజు ఊళ్లోనే సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించి రిపోర్టు ఫొటో ఆస్పత్రికి వాట్సాప్‌లో పంపడానికి ఒప్పుకుంటారేమో అడగండి. కౌంట్ తక్కువుంటే వాయిదా వేస్తారు. ఆ సంగతి అంతదూరం వెళ్లాక తెలిస్తే మనిషి సగం నీరసం ప్రయాణంతోనే వస్తుంది.

వెళ్లేటప్పుడు దుప్పటి (వార్డులో ఏసీ చలి), ఇంటి మంచినీళ్లు, మెత్తటి పాత చీర ముక్కలు, బస్సులో వాంతికి కవర్లు పెట్టుకోండి. తోడు ఒక ఆడమనిషి ఉంటే బట్టలకీ, బాత్రూమ్‌కీ మొహమాటం ఉండదు. డాక్టరు గదిలోకి మాత్రం మీరు వెళ్లండి. అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లి, చెప్పినవి అక్కడే రాసుకోండి. ఎర్రరంగు కీమో మందు ఎక్కించిన రోజు, మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదని ఆమెకు ముందే చెప్పండి. లేకపోతే రాత్రి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. మేం ఆ రాత్రి వనస్థలిపురంలో మా బావమరిది ఇంట్లో పడుకుని మర్నాడు బయల్దేరేవాళ్లం.

ఇంటికొచ్చాక అన్నిటికన్నా ముఖ్యమైనది థర్మామీటర్. కీమో తర్వాత సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 ఫారన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా సరే, డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి, రమ్మంటే బయల్దేరాలి. మాత్ర వేస్తే జ్వరం కనపడకుండా పోతుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. కారున్న ఇద్దరి నంబర్లు, వార్డు నంబరు తలుపు వెనక పెద్ద అక్షరాలతో అంటించండి. రాత్రి ఫోన్ ఎత్తుతారో లేదో ఆ ఇద్దరినీ ముందే అడగండి. బ్యాగు సర్దే ఉంచండి.

రక్తం, ప్లేట్‌లెట్లు ఎప్పుడు కావాల్సొస్తుందో తెలియదు. ప్లేట్‌లెట్లు దాచినా ఐదు రోజులకు మించి నిలవవు. అందుకే అప్పటికప్పుడు వచ్చి ఇవ్వగలిగిన కుర్రాళ్ల పేర్లు, గ్రూపులు, హైదరాబాద్‌లో వాళ్లుండే చోటు రాసి పెట్టుకోండి. మా ఊరి పిల్లలు అక్కడ హాస్టళ్లలో బోలెడుమంది ఉన్నారు. కబురు పెడితే చాలు.

జుట్టు

మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాలకు జుట్టు ఊడడం మొదలవుతుంది. దిండు మీద, దువ్వెనలో, బాత్రూమ్ జాలీ దగ్గర కుచ్చులు కుచ్చులుగా. మా ఆవిడది నడుము దాటే జడ. రెండు రోజులు చూసి, "ఊడ్చుకోలేక చస్తున్నా, తీసేయండి" అంది. బ్లేడు వద్దు. గాటు పడితే ఇన్ఫెక్షన్. గడ్డం ట్రిమ్మర్‌తో పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టి నేనే తీశాను. మెడ వెనక పుట్టుమచ్చ ఒకటుంది, ఇన్నేళ్ల కాపురంలో నేను చూడలేదు.

పెద్దవాళ్లతో తంటా ఇక్కడే వస్తుంది. గుండు అనగానే వాళ్లకు వెనకటి రోజులు గుర్తొస్తాయి. "పసుపుకుంకాలతో ఉన్న పిల్లకు ఇదేం ఖర్మ" అని అత్తయ్య వసారాలోనే కూలబడింది. ఇలాంటి మాటలకు జవాబు భర్తే చెప్పాలి, ఆమె చేత చెప్పించకూడదు. "మళ్లీ వస్తుందత్తయ్యా, మీరే జడ వేద్దురుగాని" అన్నాను. బస్సులో ఎవరో "తిరుపతి వెళ్లొచ్చారా అమ్మా?" అంటే మా ఆవిడ "ఆ, ఈసారి ఏడుకొండలవాడే పిలిచి చేయించాడు" అంది. నవ్వాగలేదు నాకు.

విగ్గు కొనాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మా ఎండలకు విగ్గు కింద చెమటే చెమట. సంఘంలో వాళ్లు పాత నూలు చీరలు చింపి అంచులు కుట్టి తలగుడ్డలు తెచ్చారు. అవే వాడింది.

తిండి, వచ్చిపోయేవాళ్లు

మా వీధి ఆడవాళ్లు వంతులేసుకుని క్యారేజీ పంపారు. వాళ్లకు మూడు మాటలు చెప్పాను: వేడిగా, కారం తక్కువ, ఆ పూటదే. కోసి ఉంచిన పళ్లు, పచ్చి సలాడ్లు, బయట చట్నీలు వద్దు. మా ఇంట్లో పోపు వాసనకే ఆమెకు కడుపులో తిప్పేది. అందుకే వంట కొన్నాళ్లు పక్కింటికి మారింది. నోరు పూసినప్పుడు ఆవకాయ కాదు, చారన్నం కూడా మండుతుంది. గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలిస్తే హాయి. పెరుగన్నం, బాగా ఉడికిన కోడిగుడ్డు, పెసరకట్టు మాకు పనికొచ్చాయి. ఒక వారం నచ్చింది మరో వారం నచ్చదు. అలగొద్దు.

ప్రతి ఇంటికీ లక్ష్మణఫలం ఆకు తెచ్చేవాడు, ఫలానా పసరుతో నయమైందని చెప్పేవాడు ఒకరు వస్తారు. వాదన పెట్టుకోకుండా పొట్లం తీసుకుని అటక మీద పెట్టండి. డాక్టరును అడగకుండా ఏ ఆకూ, ఏ పొడీ ఇవ్వకండి. కీమో మందుతో కలిసి లివర్ మీద ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. "మా పెదనాన్న కోడలికీ ఇదే, పాపం..." అని మొదలుపెట్టేవాళ్లను మాత్రం టీ ఇచ్చి కొట్లోనే కూర్చోబెట్టండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు రావొద్దని గేటు మీద రాసినా తప్పులేదు. ఇది అంటుకునే జబ్బు కాదని కూడా మీరే నలుగురిలో చెప్పాలి. ఒకావిడ మా ఇంట్లో మంచినీళ్లు తాగకపోతే, నేను మా ఆవిడ తాగిన గ్లాసులోనే తాగి చూపించాను.

డబ్బు

ఆరోగ్యశ్రీ ఉన్నా దారిఖర్చులు, బయట పరీక్షలు, కొట్టు మూసిన రోజులు మనవే. ఎవరైనా చేతిలో డబ్బు పెడితే అది ఊరికే ఇచ్చిందా, చేబదులా అని అప్పుడే అడిగి రాసుకోండి. ఆ మాట తర్వాత అడగడం ఇంకా కష్టం. సొంత డబ్బు కట్టిన బిల్లులుంటే ఒరిజినల్స్ దాచండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టాలంటే అవే కావాలి. రైల్లో వెళ్లేవాళ్లు ఆస్పత్రి నుంచి రాయితీ ఫారం రాయించుకోండి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో క్యాన్సర్ రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు.

పిల్లలు, మీరిద్దరూ

పిల్లలకు జబ్బు పేరు చెప్పండి. మనం చెప్పకపోతే బళ్లో ఎవరో చెబుతారు. మావాడికి ఒక పని కూడా ఇచ్చాం, సాయంత్రం జ్వరం చూసి క్యాలెండర్‌లో రాయడం. వాడి టెన్షన్ దానితోనే తగ్గింది.

ఆమె చేయగలిగిన పని ఆమెను చేయనివ్వండి. మా ఆవిడ సంఘం పొదుపు లెక్కలు మంచం మీదే రాసేది. "పడుకో" అంటే విసుక్కునేది. వైద్యం నడిచినన్నాళ్లూ గర్భం రాకూడదు. మొగుడూపెళ్లాల మధ్య ఏది పర్వాలేదో డాక్టరును సిగ్గుపడకుండా అడగండి.

మీకూ వారానికొక పూట కావాలి. నేను ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, పక్క కొట్టు ఆయనతో చెస్ ఆడేవాణ్ణి. జబ్బు మాట ఎత్తేవాడు కాదు మహానుభావుడు.

వైద్యం అయిపోయాక

రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలుంటుంది. అప్పుడు హైదరాబాద్‌లోనే ఉండాలి కాబట్టి మా బావమరిది భార్యకూ, మా ఆవిడ అక్కకూ వంతులు వేశాం. ఒంటి మీద గీసిన గుర్తులు చెరపొద్దు, అక్కడ పౌడరు, క్రీములు డాక్టరు చెప్పినవి తప్ప వద్దు.

చివరి రోజు స్వీట్లు పంచాక ఊరంతా అయిపోయిందనుకుంటుంది. క్యారేజీలు ఆగిపోతాయి. నీరసం మాత్రం నెలల తరబడి ఉంటుంది. హార్మోన్ మాత్రలు రాస్తే ఏళ్లపాటు వేసుకోవాలి. అందుకని సాయం చేసేవాళ్లలో ఇద్దరు ముగ్గురిని ముందుగానే అట్టేపెట్టి, వాళ్ల వంతు ఇప్పుడు మొదలెట్టండి. చంక కింద గ్రంథులు తీసినవాళ్లకు ఆ చెయ్యి వాచే ప్రమాదం ఎప్పటికీ ఉంటుంది. నేర్పిన కసరత్తులు మానొద్దు. నీళ్ల బిందె ఆ చేత్తో ఎత్తొద్దు. ఆ చేతికి బీపీ పట్టీ, సూది వద్దని మా ఫైలు అట్ట మీద మార్కర్‌తో రాసి పెట్టాను: "బీపీ, రక్తం, సెలైన్ - కుడి చేతికే."