కొబ్బరి కొట్టుకి ఏ ఫోన్ కొనాలి? ఆండ్రాయిడా, ఐఫోనా?

మా గుమస్తా పని మానేసేటప్పుడు మేం కొనిచ్చిన ఫోన్‌ని శుభ్రంగా రీసెట్ చేసి మరీ తిరిగిచ్చాడు. మంచి మనసుతోనే చేశాడు, కానీ లెక్కల యాప్ అతని సొంత జీమెయిల్‌తో తెరిచి ఉంది, ఆ పాస్‌వర్డ్ అతనికే గుర్తులేదు. ఏ రైతుకి ఎంత అడ్వాన్స్ ఇచ్చామో, చెట్ల నుంచి కాయల దింపు కూలీ ఎవరికి బాకీ ఉన్నామో పాత చీటీలు వెతికి మళ్లీ రాసుకునేసరికి నెల పట్టింది. అందుకే మా కోనసీమలో అంబాజీపేట వైపు వ్యాపారస్తులు ఎవరైనా ఏ ఫోన్ కొనాలని అడిగితే, నేను కెమెరా గురించి అసలు మాట్లాడను.

ముందు కొట్టు పేరు మీద ఒక జీమెయిల్ తెరవండి, ఐఫోన్ అయితే ఆపిల్ ఖాతా కూడా. పాస్‌వర్డ్ యజమాని దగ్గర, ఇంట్లో ఇంకొకరి దగ్గర కాగితం మీద ఉండాలి. ఫోన్ ఏదైనా సరే, ఈ పని అయ్యాకే దుకాణానికి వెళ్లండి.

ఇక ఏది కొనాలంటే, మీ బిల్లు ప్రింటర్‌ని బట్టి చూడండి. మన కొట్లలో వాడే చిన్న బ్లూటూత్ థర్మల్ ప్రింటర్లు, చవకవి, చాలావరకు పాత రకం బ్లూటూత్‌తో పనిచేస్తాయి, అవి ఆండ్రాయిడ్‌కి వెంటనే కలుస్తాయి గాని ఐఫోన్‌కి కలవవు. లారీ బయట ఆగి ఉండగా బిల్లు రాకపోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ప్రింటర్ సంచిలో వేసుకుని వెళ్లి, ఒక బిల్లు తీసి చూశాకే డబ్బు కట్టండి.

తర్వాత సిమ్‌లు. మన దగ్గర అమ్మే ఐఫోన్లలో చాలావాటికి మామూలు సిమ్ ఒక్కటే పడుతుంది (ఐఫోన్ ఎయిర్‌లో అదీ పట్టదు), రెండో నంబరు ఈ-సిమ్‌గా, అంటే ఫోన్ లోపలే ఉండి చేత్తో తీయలేని సిమ్‌గా మార్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో చాలావాటికి రెండూ మామూలు సిమ్‌లే పడతాయి, ఫోన్ పాడైతే తీసి ఇంకో దాంట్లో వేసుకుంటే సరిపోతుంది. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి మొదలుపెట్టాలంటే బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

గుమస్తాకి ఇచ్చేది ఆండ్రాయిడే ఇవ్వండి. అందులో వర్క్ ప్రొఫైల్ అని ఉంటుంది, కొట్టు యాప్‌లు ఒక పక్కన, అతని సొంతవి ఇంకో పక్కన. గూగుల్ వర్క్‌స్పేస్ లాంటి డబ్బు కట్టే సేవ ఉంటే, అతను మానేసిన రోజు కొట్టు భాగం మాత్రం దూరం నుంచే తుడిచేయొచ్చు, అతని ఇంటి ఫొటోలు అలాగే ఉంటాయి. యజమాని ఒక్కరే వాడుకునే ఫోన్, ప్రింటర్ పని లేదు, పైగా ఐదారేళ్లు మార్చకూడదంటే ఐఫోన్ నిజంగా మంచిదే, అప్‌డేట్లు చాలా ఏళ్లు వస్తాయి. శామ్‌సంగ్ కూడా ఎస్24 నుంచి, గూగుల్ పిక్సెల్ 8 నుంచి ఏడేళ్లు ఇస్తామన్నాయి. చవక ఫోన్లకి అంతకాలం రావు, కొనేముందు ఎన్నేళ్లో అడగండి. అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకోవద్దు.

వాట్సాప్ సంగతి జాగ్రత్త. మనకి గండేరా, గటగటా లాంటి కొబ్బరి రకాల రేట్లు, లోడు ఫొటోలు, బేరం మాటలు అన్నీ అందులోనే. ఆండ్రాయిడ్ బ్యాకప్ గూగుల్‌లోకి, ఐఫోన్‌ది ఐక్లౌడ్‌లోకి పోతుంది, ఒకదాని బ్యాకప్ ఇంకోటి చదవదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారితే కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడే ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌తో చాట్‌లు పంపాలి, తర్వాత గుర్తొస్తే ఐఫోన్ మొత్తం రీసెట్ చేయాల్సి వస్తుంది.

లెక్కల యాప్ నెట్ లేకపోయినా తెరుచుకోవాలి. 2022 మే నెలలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది, గుర్తుంది కదా. కొనేముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒక రైతు ఖాతా తెరిచి చూడండి, అర నిమిషం పని.

కొత్త ఫోన్ వచ్చిన రోజే పాతది అమ్మేయకండి. ఒక లోడు తూకం నుంచి డబ్బు పడేదాకా రెండూ పక్కపక్కన నడపండి. పాత ఖాతాల్లో ఒక పదింటిని కొత్తదాంట్లో తెరిచి అంకెలు సరిచూసుకుని, అప్పుడు పాతదాన్ని రీసెట్ చేయండి.