ఇండియాలో అమ్మానాన్నలుంటే అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తుందా? ఫారం ఎలా నింపాలి?

అమెరికా పౌరసత్వం తీసుకుని, డిఫెన్స్ కాంట్రాక్టులున్న కంపెనీలో ఆఫర్ సంపాదించిన మనవాళ్లను ముందు పట్టుకునే భయం ఒకటే: "అమ్మానాన్నలు గుంటూరులో ఉన్నారు, ఇక క్లియరెన్స్ వచ్చినట్టే!" క్లియరెన్స్ అంటే ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూడటానికి ఇచ్చే అనుమతి. విదేశంలో బంధువులున్నంత మాత్రాన ఎవరినీ తోసిపుచ్చరు. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో 'బి' అనేది విదేశీ ప్రభావం గురించి. ఆ బంధువును అడ్డం పెట్టుకుని మీమీద ఎవరైనా ఒత్తిడి తేగలరా అన్నదే అక్కడి ప్రశ్న. అది ఏ దేశం, ఆ మనిషి చేసే పనేంటి, మీకు ఎంత దగ్గర అన్నవి కలిపి చూస్తారు.

క్లియరెన్స్‌కు సొంతంగా దరఖాస్తు చేసుకోలేం, కంపెనీయో ప్రభుత్వ శాఖో స్పాన్సర్ చేయాలి. గ్రీన్‌కార్డు సరిపోదు.

1. క్లియరెన్స్ కోసం మీ వివరాలన్నీ నింపాల్సిన ఎస్ఎఫ్-86 ఫారం తెరవకముందే ఇంటికి ఫోన్ చేయండి. 18వ సెక్షన్‌లో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, అత్తమామలు అందరూ రావాలి, చనిపోయినవాళ్లతో సహా. మన ఇళ్లలో చిక్కంతా పుట్టిన తేదీల దగ్గరే. బళ్లో వేయించిన తేదీ ఒకటి, అమ్మమ్మ చెప్పేది ఇంకొకటి. పాస్‌పోర్టులో ఉన్నదే రాయండి. ఏ కాగితమూ లేకపోతే 'అంచనా' గడిలో టిక్ పెట్టవచ్చు. ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టకుండా పూర్తిగా రాయండి.

2. మేనమామ, వదిన, పెదనాన్న కొడుకు 18లోకి రారు. కానీ వాళ్లు విదేశీ పౌరులై, గత 7 ఏళ్లలో మీకు దగ్గరి సంబంధం, రాకపోకలు ఉంటే 19లో రాయాలి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఉన్న ప్రతివాళ్లూ అక్కర్లేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడే బావ మాత్రం తప్పదు.

3. ఉద్యోగాలు దాచకండి. రిటైరైన టీచరు నాన్న గురించి పెద్దగా అడగరు. తమ్ముడు హైదరాబాద్‌లో డీఆర్‌డీవోలో పనిచేస్తుంటే అడుగుతారు. అది మీ ఫారంలోనే కనిపించాలి, ఇంకొకరి నోట బయటపడకూడదు.

4. ఊళ్లో మీ పేరున్న పొలం, ప్లాటు, ఎన్‌ఆర్‌ఈ ఖాతా, ఇంటికి పంపే డబ్బు 20ఏ సెక్షన్‌లోకి వస్తాయి. నాన్న మీ పేరున పాస్‌బుక్ చేయించి చెప్పడం మరిచిపోయారేమో, అదీ కనుక్కోండి. ఇక్కడి ఇల్లు, పిల్లల చదువు, రిటైర్మెంట్ పొదుపు వివరాలూ దగ్గర పెట్టుకోండి. మీ వేళ్లు అమెరికాలో ఎంత లోతుగా దిగాయన్నది మీకు అనుకూలంగా లెక్కకొస్తుంది.

5. విచారణాధికారి చేసే ఇంటర్వ్యూలో ఫారంలో ఉన్నదే చెప్పండి. కావాలని అబద్ధమాడితే 5 ఏళ్ల వరకు జైలు పడే ఫెడరల్ నేరం. నా లెక్కన బంధువుల కన్నా వాళ్లను దాచడమే ఎక్కువ ప్రమాదం.

క్లియరెన్స్ ఇవ్వడానికి ప్రభుత్వానికి అభ్యంతరాలుంటే లిఖితపూర్వకంగా పంపుతారు. కాంట్రాక్టరు ఉద్యోగులకు జవాబిచ్చే గడువు 20 రోజులే కాబట్టి లాయరును వెంటనే కలవండి.

క్లియరెన్స్ వచ్చాక ఇండియా ప్రయాణానికి ముందుగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చి హఠాత్తుగా బయల్దేరాల్సి వస్తే, విమానం ఎక్కేముందు సూపర్‌వైజరుకు నోటిమాటగానైనా చెప్పి, తిరిగొచ్చిన 5 పనిదినాల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి.