నాయిన బస్సు కిరాయి వచ్చిన ముచ్చట

నాయినకు గుండె ఆపరేషన్ హైదరాబాద్‌ల ఆరోగ్యశ్రీ కింద అయింది. డిశ్చార్జి రోజు కౌంటర్ల కాగితం పెట్టి "ఈడ సంతకం" అన్నరు. పెన్ను పట్టినంక చూస్తే మందులు, భోజనం పక్కన ఇంకో గడి: రవాణా చార్జీ, ముట్టినది అని. ఎక్కడ ముట్టింది? అడిగితే "అదంతా ఫార్మాలిటీ" అన్నడు.

పెన్ను పక్కన పెట్టి, దవాఖానల ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర దగ్గరికి పోయిన. ఇంటికి పోయే బస్సు చార్జీ ప్యాకేజీలనే ఉంటదని ఆమెనే చెప్పింది. 2007ల ఈ పథకం మొదట మొదలైన మూడు జిల్లాలల్ల మా పక్కనున్న పాలమూరు ఒకటి, అయినా ఈ గడి సంగతి మా ఊర్ల ఎవ్వరికీ ఎరుక లేదు!

దేవరకొండ నుంచి వచ్చిన టికెట్ చూపించిన. మిషన్ టికెట్ మీద అక్షరాలు జేబుల చెమటకే మాయమైతయి. వచ్చిన రోజే జిరాక్స్ తీసి పెట్టుకున్న, అదే పనికొచ్చింది. అమ్మది ఆడోళ్లకు పైసల్లేకుండ ఇచ్చే మహాలక్ష్మి జీరో టికెట్, దానికి అడగనేలేదు. కౌంటరాయన మళ్ల నసిగిండు. ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు కొడతనని ఫోను తీసిన. కలవకముందే గల్లా తెరిచిండు.

పైసలు లెక్కబెట్టుకున్నంకనే సంతకం పెట్టిన. "గింత దానికి గంత లొల్లా" అన్నడు నాయిన. జేబుల పెట్టుకున్నది మాత్రం ఆయనే.