డిజైన్ ఉద్యోగానికి రెజ్యూమె పంపే ముందు

వరంగల్, హనుమకొండ నుంచి హైదరాబాద్ స్టూడియోలకు, యాడ్ ఏజెన్సీలకు అప్లై చేస్తున్న పిల్లలు ఇవి ఒకసారి చూసుకోండి.

– రెజ్యూమెను ఫొటోషాప్‌లో చేసి జేపెగ్‌గా పంపొద్దు. అందులో ఉండేది అక్షరాలు కావు, అక్షరాల బొమ్మ. జాబ్ పోర్టల్ సాఫ్ట్‌వేర్ మీ పేరు కూడా చదవలేకపోవచ్చు. పీడీఎఫ్ చేసి, తెరిచి, మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరుసగా వస్తే సరే. రెండు కాలమ్‌లు కలగాపులగం అయితే ఒకే కాలమ్‌కు మార్చండి. ఎంతో కష్టపడి చేసిన డిజైన్ ఎవరూ చూడకుండానే పక్కకు పోతే బాధగా ఉంటుంది.

– పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన డిజైన్లన్నీ ఒకచోట పెట్టింది) లింక్‌ను వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి. గూగుల్ డ్రైవ్‌లో పర్మిషన్ ఇవ్వకపోతే అవతలివాళ్లకు మీ పని ఒక్కటీ కనిపించదు.

– తెలుగు వాడితే యూనికోడ్ ఫాంటే వాడండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టింది కాపీ చేస్తే పిచ్చి గుర్తులే వస్తాయి.

– ‘ఇలస్ట్రేటర్ 90 శాతం’ అంటూ సాఫ్ట్‌వేర్ ఎంత వచ్చో చూపే గీతలు తీసేయండి. దేంట్లో 90? దాని బదులు చేసిన లోగో, పోస్టర్ పేరు రాయండి.

– కాకతీయ కళాతోరణం, చేర్యాల బొమ్మల ఎరుపు మీకు ఇష్టమైతే పోర్ట్‌ఫోలియోలో నిండుగా వాడండి. మన చేతి ముద్ర అక్కడే బాగా కనిపిస్తుంది. రెజ్యూమెకు మంచి ఫాంటు, ఒక రంగు, సరిపడా ఖాళీ చాలు.

– జిరాక్స్ షాపులో ఒక బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయండి. లేత రంగు అక్షరాలు మాయమైతే ముదురు చేయండి.

– నేరుగా ఆర్ట్ డైరెక్టర్ మెయిల్‌కే పంపుతుంటే డిజైన్ కొంచెం ఎక్కువైనా పర్వాలేదు. పోర్టల్‌లో పెట్టేది మాత్రం సాదాగానే ఉండాలి.