పాత సీసపు సిపాయిలు: కొనేటప్పుడు, ఆడించేటప్పుడు

గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. సీసపు సిపాయి బొమ్మలు వెతకాలంటే హైదరాబాద్‌లోని ఈ రెండు సంతలకూ తెల్లారేసరికే వెళ్లాలి. జేబులో భూతద్దం, చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అయస్కాంతానికి అతుక్కుంటే అది సీసం కాదు. 1893 నుంచి ఇంగ్లండ్‌లోని బ్రిటన్స్ అనే బొమ్మల కంపెనీ చేసిన సీసపు సిపాయిలు బోలుపోత (లోపల ఖాళీగా పోతపోసినవి), ఎత్తు దాదాపు 54 మిల్లీమీటర్లు. బొమ్మ లోపల ఖాళీ లేకుండా, మరీ బరువుగా ఉంటే అనుమానించండి.

మెడ దగ్గర బాగా చూడండి. విరిగిన తలను లోపల అగ్గిపుల్ల పెట్టి నిలబెట్టడం పాత అలవాటు. పెయింట్ అతుకును కప్పేస్తుంది. పెచ్చులూడినా సరే, అసలు రంగే మేలు. కొత్త రంగు వేస్తే ధర పడిపోతుంది.

తెల్లటి పొడి కనిపిస్తే సీసాన్ని తుప్పు తినేస్తోందన్నమాట. చెక్క, అట్టపెట్టెల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరే కారణం, మన వానాకాలపు తేమ దానికి తోడు. ఆ బొమ్మను వెంటనే వేరుచేయండి, పొడి ఊదొద్దు. మిగతావి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో దాచండి. బొమ్మ కింద ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) బేస్ కూడా వద్దు. 2 మిల్లీమీటర్ల అక్రిలిక్ ముక్కపై బ్లూటాక్ (మళ్లీ ఊడదీయగల మెత్తటి జిగురు ముద్ద)తో నిలబెడితే ఆట అయ్యాక ఊడొస్తుంది. ఫెవిక్విక్ జోలికి పోవద్దు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి. పిల్లలకు అసలివ్వొద్దు.